మంచు నేర్పిన నేత

పిల్లలూ, మంచు అనగానే మీకేం జ్ఞాపకం వస్తుంది? ధనుర్మాసంలో తెల్లవారుజామున ఎదుటి మనిషిని కూడా కనపడనివ్వని పొగమంచు జ్ఞాపకం వస్తుంది. గడ్డిపోచల చివర మెరిసే నీటిబొట్లు జ్ఞాపకం వస్తాయి. అమ్మ వాకిట్లో ముగ్గు వేస్తూ వుంటే, మీరు దుప్పటి ముసుగు పెట్టుకుని గడపమీద కూర్చుని చూడటం కూడా జ్ఞాపకం వస్తుందేమో! పొద్దెక్కేసరికి మన మంచు మాయమవుతుంది. దానివల్ల మనకు ఒక పూట పని కూడా ఆగదు.

కాని నాలుగైదు నెలలపాటు మంచు మనల్ని ఇంట్లోనే కట్టిపడేసిందనుకోండి. చేను కనపడదు, దారి కనపడదు, కిటికీలు మూసుకుపోయి పట్టపగలే దీపం పెట్టుకోవాలి. అప్పుడు మీరేం చేస్తారు? ఒక దేశంలోని పల్లెవాళ్ళు సరిగ్గా ఇటువంటి స్థితిలోనే వుండి, ఆ మంచునే పనిముట్టుగా చేసుకుని గొప్ప బట్టలు నేశారు. అదే దేశంలో మరొకాయన మంచురేకులను చూసి బొమ్మలు గీస్తే, అవి చీనాంబరాలమీద పువ్వులై పూశాయి. ఆ కథ చెబుతాను వినండి.

జపాను దేశపటం తీసి చూడండి. పడమటి తీరాన సముద్రానికీ కొండలకూ నడుమ నీగాతా అనే ప్రాంతం వుంది. పూర్వం దానిని ఎచిగో అనేవారు. చలికాలంలో సైబీరియానుంచి ఎముకలు కొరికే గాలి బయలుదేరి, జపాను సముద్రంమీదుగా ఇటు వస్తుంది. సముద్రపు నీరు ఆ గాలికన్న వెచ్చగా వుంటుంది. అందుచేత గాలి దారిపొడుగునా తేమను తాగుతూ వస్తుంది. ఎచిగో కొండలు అడ్డం రాగానే అది పైకి లేవవలసి వస్తుంది. పైకి లేచినకొద్దీ చల్లబడుతుంది. చల్లబడి, తాగిన తేమనంతా మంచుగా కుమ్మరిస్తుంది. మన పడమటి కనుమలమీద నైరుతి ఋతుపవనం వాన కుమ్మరించేది కూడా ఈ తీరుగానే.

ఎచిగోలో ఉవోనుమా అనే లోయ వుంది. అక్కడ కొన్ని ఏళ్ళు మంచు మూడు మీటర్ల ఎత్తు దాటి పేరుకుంటుంది. అంటే ఇద్దరు మనుషులు ఒకరి భుజాలమీద ఒకరు నిలబడినంత ఎత్తు! వెనకటి రోజుల్లో ఇంట్లోనుంచి వీధిలోకి రావాలంటే మంచులో మెట్లు చెక్కుకుని పైకి ఎక్కి రావలసి వచ్చేది. పొలం పని లేదు, ప్రయాణం లేదు. అటువంటప్పుడు ఆ ఇళ్ళలోని ఆడవాళ్ళు మగ్గం ముందు కూర్చునేవారు.

వాళ్ళు నేసేది పత్తిబట్ట కాదు. రామీ అనే మొక్క వుంది. మనం జనుముకాడల నుంచి నార తీసినట్లే, దాని కాడల బెరడునుంచి సన్నని నార తీస్తారు. ఆ నారను గోటితో చీల్చి, వెంట్రుకలాగా సన్నం చేసి, తడిచేసుకుంటూ కొసకు కొస కలిపి పురిపెట్టి పోగు చేస్తారు. రాట్నంమీద గిరగిరా తీసేటంత తేలిక కాదు ఈ పని. ఒక్క కిమోనోకు కావలసిన బట్ట సుమారు 12 మీటర్ల పొడుగు, మూరకన్న తక్కువ వెడల్పు వుంటుంది. దానికి కావలసిన నూలు సిద్ధం కావటానికే నెలలు పడుతుంది.

ఈ నూలుకు ఒక చెడ్డ గుణం వుంది. పొడిగాలి తగిలితే పుటుక్కున తెగిపోతుంది. గాలిలో తేమ వుంటేనే అది మెత్తగా సాగి, చెప్పినట్లు వింటుంది. ఇంటిచుట్టూ గోడలాగా మంచు పేరుకున్నప్పుడు గదిలో తేమకు కొదవ వుంటుందా? చూశారా! మనుషులను బంధించిన మంచే నూలును తెగకుండా కాపాడింది.

ఇక వాళ్ళ మగ్గం సంగతి. మన పల్లెల్లో గుంటమగ్గం చూసేవుంటారు. ఎచిగో మగ్గం ఇంకొక తీరు. నేసే మనిషి నేలకు దగ్గరగా కూర్చుని, పడుగు ఒక కొసను తన నడుముకు పట్టీతో కట్టుకుంటుంది. వెనక్కు వాలితే పడుగు బిగుస్తుంది. ముందుకు వంగితే వదులవుతుంది. అంటే ఆ మనిషి కూడా మగ్గంలో ఒక భాగమే అన్నమాట!

బట్టలోని బొమ్మలు నేసేటప్పుడు వేసేవి కావు. ముందుగానే నూలును అక్కడక్కడ దారంతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు పట్టదు. తర్వాత ఆ నూలును లెక్క తప్పకుండా నేస్తే బొమ్మ తేలుతుంది. ఈ మాట వినగానే మన తెలంగాణాలోని పోచంపల్లి, పుట్టపాక నేతగాళ్ళు, "ఇది మా పనే కదా!" అంటారు. నిజమే. ఎక్కడో మంచులో కూర్చున్న ఆ పల్లెవాళ్ళూ, ఎండలో కూర్చున్న మన పద్మశాలీలూ నూలును ఒకే తీరుగా కట్టి రంగు వేస్తున్నారు.

బట్ట నేయటం అయాక వేడినీళ్ళలో వేసి కాళ్ళతో తొక్కుతారు. పురి గట్టిగా ఎక్కించిన పేకతో నేసిన రకమైతే, అది నీళ్ళలో ముడుచుకుని సన్నని ముడతలు ముడతలుగా తయారవుతుంది. దానిని 'చిజిమి' అంటారు. ఆ ముడతలవల్ల బట్ట ఒంటికి అంటుకోదు. అందుచేత నడివేసవిలో కూడా హాయిగా వుంటుంది. చలికాలంలో పుట్టి, వేసవిలో మనిషికి చల్లదనం ఇచ్చే బట్ట ఇది!

చివరి పని అన్నిటికన్న చిత్రమైనది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎండ కాసే రోజు చూసి, బట్టలను మంచుమీద బారులుతీర్చి పరుస్తారు. తెల్లని మైదానంమీద రంగు రంగుల దారులు వేసినట్లుంటుంది. ఎండకు మంచు కొంచెం కొంచెంగా కరిగి తేమ పైకి లేస్తుంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలూ, ఆ తేమా కలిసి పనిచేయటంవల్ల బట్టలోని మరకలూ, నార పసుపుతనమూ విరిగిపోతాయి. తెలుపు తెల్లగా తేలుతుంది, రంగులు నిలుస్తాయి. మనం బట్ట ఉతికి తెల్లబరచటాన్ని 'చలువ' అంటాము. చల్లదనాన్ని కూడా 'చలువ' అనే అంటాము. ఎచిగో వారి విషయంలో ఈ రెండు అర్థాలూ ఒకటైపోయాయి!

ఇంత శ్రమపడి నేసిన బట్టమీద ఆ ఆడపిల్లల పరువంతా ఆధారపడి వుండేది. పిల్లను చూడవచ్చినవారు ముందు ఆమె నేత ఎలా వుందని అడిగేవారట. అందం సంగతి ఆ తర్వాతనే. ఒక వూళ్ళో ఒక పిల్లకు మొదటిసారిగా మేలురకం చిజిమి నేసే పని దొరికింది. ఆమె పొంగిపోయింది. డబ్బు సంగతి తలపెట్టలేదు. మంచి పేరు తెచ్చుకోవాలన్నదే ఆమె కోరిక. నూలు తీయటం మొదలు ఎవరి చేయీ తగలనివ్వకుండా అంతా తానే చేసింది. బట్ట దివ్యంగా వచ్చింది. చలువకు వెళ్ళిన బట్టను తల్లి ఇంటికి తెచ్చింది. పిల్ల చేతిలో పని పడేసి పరుగెత్తుకు వచ్చి మడత విప్పింది. బట్టమీద చిన్న నాణెమంత మసిరంగు మరక కనిపించింది! అంతే, బట్టలో మొహం దాచుకుని ఏడుస్తూ కూలిపోయింది. ఆ దుఃఖంతో ఆమెకు మతి చెడిపోయిందట.

ఆ పిల్ల కథ మనదాకా ఎలా వచ్చింది? సుజుకి బోకుషి అనే వర్తకుడు రాసిపెట్టటంవల్ల వచ్చింది. ఆయన 1770 లో ఉవోనుమా లోయలోని షియోజావా అనే వూళ్ళో పుట్టాడు. పందొమ్మిదో ఏట చిజిమి బట్టలు అమ్మటానికి ఎదో నగరానికి వెళ్ళాడు. ఇప్పటి టోకియోయే ఆనాటి ఎదో. అక్కడివారు ఆ బట్టలు కట్టుకుంటారు, మెచ్చుకుంటారు. కాని అవి ఎటువంటి మంచులో, ఎంత చీకట్లో తయారవుతాయో వారికి బొత్తిగా తెలియదు. నగరంలో మంచు పడితే వేడుక! అందరూ చూసి ఆనందిస్తారు. తన వూళ్ళో మంచు పడితే ఇంటికప్పు కూలకుండా తవ్విపోసుకోవాలి.

'మా సంగతి వీళ్ళకు చెప్పాలి' అనుకున్నాడు బోకుషి. మంచు గురించీ, మంచులో బతికే మనుషుల గురించీ, నేత గురించీ, జంతువుల గురించీ రాశాడు, బొమ్మలు గీశాడు. పుస్తకం అచ్చు వేయించటానికి నగరంలోని ఒక రచయిత తర్వాత ఒక రచయితను ఆశ్రయించాడు. ఏదో ఒక ఆటంకం వచ్చి పని ఆగిపోతూ వచ్చింది. సుమారు నలభై ఏళ్ళు అలాగే గడిచిపోయాయి. కుర్రవాడు ముసలివాడైపోయాడు. అయినా అతను పట్టు వదలలేదు. 1837 లో 'హొకుఎత్సు సెప్పు' అనే ఆయన పుస్తకం వెలువడింది. నగరంలోని జనం దానిని ఎగబడి చదివారు. ఆయన 1842 లో చనిపోయాడు గాని, ఆ పుస్తకం ఈనాటికీ బతికి వుంది.

ఆ పుస్తకంలో మంచురేకుల బొమ్మలు కూడా వున్నాయి. అవి బోకుషి గీసినవి కావు. దోయి తోషిత్సురా అనే ప్రభువు రాసిన పుస్తకంనుంచి తీసుకున్నవి. ఇప్పుడు ఆ ప్రభువు సంగతి చెబుతాను.

తోషిత్సురా కోగా అనే చిన్న సంస్థానానికి ప్రభువు. అది ఎదోకు ఉత్తరంగా వుంది. ఆ రోజుల్లో జపాను తలుపులు విదేశాలకు దాదాపు మూసివుండేవి. కొద్దిమంది డచ్చి వర్తకులు మాత్రం వచ్చేవారు. వారి ద్వారా సూక్ష్మదర్శిని జపాను చేరింది. తోషిత్సురా దానితో మంచును చూడాలనుకున్నాడు. ఆయన కొలువులో తకామి సెన్‌సెకి అనే పండితుడు ఇందుకు సాయపడ్డాడు.

మంచురేకును చూడటం అంత సులభం అనుకున్నారా? వేలు తగిలితే కరుగుతుంది, ఊపిరి తగిలినా కరుగుతుంది. అందుచేత ఆయన ఒక ఉపాయం చేశాడు. మంచు పడేలా వున్న రాత్రి నల్లని గుడ్డను ముందుగానే ఆరుబయట పెట్టి బాగా చల్లబడనిచ్చేవాడు. దానిమీద మంచు పడగానే, రేకును పట్టకారుతో మెల్లిగా ఎత్తి, ఊపిరి బిగపట్టి సూక్ష్మదర్శిని కింద చూసేవాడు. అది కరిగేలోపల బొమ్మ గీసేసేవాడు. ఇలా సుమారు ఇరవై ఏళ్ళు చేశాడు! 1832 లో 86 రకాల రేకుల బొమ్మలతో ఒక పుస్తకం వేశాడు. 1840 లో మరి 97 రకాలతో ఇంకొక పుస్తకం వేశాడు. ప్రజలు ఆయనకు 'మంచు ప్రభువు' అని పేరు పెట్టారు.

ఆ బొమ్మలు జనాన్ని మోహపెట్టాయి. అంతకుముందు కూడా జపానులో బట్టలమీద మంచుగుర్తు వుండేది. కాని అది అంచున నొక్కులు నొక్కులుగా వున్న ఒక గుండ్రని బొమ్మ మాత్రమే. ఇప్పుడు నిజమైన మంచు ఎలా వుంటుందో తెలిసిపోయింది. ఆరు కొమ్మల రేకులు, ఆరు కోణాల బిళ్ళలు, ఈకల్లాంటి రెక్కలు! అవి కిమోనోలమీదికి ఎక్కాయి, గిన్నెలమీదికి ఎక్కాయి, కత్తి పిడుల దగ్గరి బిళ్ళలమీదికి కూడా ఎక్కాయి. ఆ కాలపు చిత్రాల్లో మంచురేకుల బట్టలు కట్టుకున్న స్త్రీలు కనిపిస్తారు. జపానువారు మంచుబొమ్మల బట్టలను వేసవిలో కూడా కడతారు. చూసేవారి కళ్ళకు చల్లగా వుంటుందని!

మంచురేకుకు ఆరు కొమ్మలే ఎందుకుండాలి? ఐదో, ఎనిమిదో ఎందుకుండకూడదు? నీరు గడ్డకట్టేటప్పుడు దానిలోని అణువులు ఒకదానినొకటి పట్టుకుని, తేనెపట్టులోని గదుల్లాగా ఆరు మూలల గళ్ళుగా కుదురుకుంటాయి. ఆ చిన్న గడి తీరే పెరిగి పెద్దదై మన కంటికి కనిపిస్తుంది. ఇక ఆకారం మేఘంలోని చలినిబట్టీ, తేమనుబట్టీ వుంటుంది. సున్నాకు దిగువ 5 సెంటిగ్రేడు డిగ్రీల దగ్గర సూదుల్లాగా పెరుగుతుంది. 15 డిగ్రీల దిగువన, తేమ బాగా వుంటే, కొమ్మలు కొమ్మలుగా నక్షత్రంలాగా పెరుగుతుంది. ఒక్కొక్క రేకు ఒక్కొక్క దారిన కిందికి దిగుతుంది గనక రెండు పెద్ద రేకులు అచ్చం ఒకేలాగా వుండవు. కాని ఒకే రేకులోని ఆరు కొమ్మలూ కలిసి ప్రయాణం చేస్తాయి గనక అవి ఇంచుమించు ఒకేలాగా పెరుగుతాయి.

ఈ విషయాలు బాగా తెలియజేసినవాడు నకాయా ఉకిచిరో అనే జపాను శాస్త్రజ్ఞుడు. ప్రయోగశాలలో మంచురేకును పెంచి చూడాలని ఆయన పట్టుబట్టాడు. రేకు నిలిచి పెరగటానికి ఏదో ఒక ఆధారం కావాలి గదా! రకరకాల పోగులు వేలాడదీసి చూశాడు. చివరకు 1936 లో కుందేలు వెంట్రుకమీద చక్కని రేకు పెరిగింది. మనిషి తయారుచేసిన మొట్టమొదటి మంచురేకు అది. మంచు నేతగాళ్ళకు నూలును కాపాడి పెడితే, ఒక సన్నని వెంట్రుక శాస్త్రజ్ఞుడికి మంచును నిలబెట్టి పెట్టింది!

ఎచిగో నేతను జపాను ప్రభుత్వం 1955 లో దేశపు ముఖ్య సంపదగా గుర్తించింది. 2009 లో ఐక్యరాజ్యసమితికి చెందిన యునెస్కో ప్రపంచం కాపాడుకోవలసిన కళల పట్టికలో చేర్చింది. ఇప్పటికీ అక్కడ మంచుమీద బట్టలు పరుస్తారు. కాని గోటితో నూలు తీసే ఓపిక అందరికీ వుండదు. ఆ పని తెలిసిన పెద్దలు వుండగానే చిన్నవాళ్ళు నేర్చుకోవాలి. మన పల్లెల్లో ఆగిపోతున్న మగ్గాల సంగతి కూడా అంతే కదా!

"మన వూళ్ళో మంచు కురవదు. మేమేం చేయగలం?" అంటారు మీరు. ఎందుకు చేయలేరు? ముందు ముగ్గుతో మొదలుపెట్టండి. '5 చుక్కలు, 3 వచ్చేవరకు సందుచుక్క' అని అమ్మ చెబుతుంది గదా! అలా పెడితే వరసకు 3, 4, 5, 4, 3 చుక్కలు వస్తాయి. మొత్తం 19. వాటి చుట్టూ గీత గీసి చూడండి. ఆరు మూలలు తేలుతాయి! మంచురేకు ఆకారం మన వాకిట్లో ఎప్పటినుంచో వుందన్నమాట.

తర్వాత గుండ్రంగా కత్తిరించిన పల్చని కాగితం తీసుకోండి. సగానికి మడవండి. ఆ సగాన్ని మూడు సమభాగాలుగా మడవండి. దానిని మళ్ళీ సగానికి మడవండి. ఇప్పుడు అంచులవెంట చిన్న చిన్న గాట్లు కత్తిరించి మడతలు విప్పండి. ఆరు కొమ్మల రేకు వస్తుంది. మూడు భాగాలు చేయటం మరచిపోయి సగానికి సగం మడుస్తూ పోయారో, నాలుగో ఎనిమిదో కొమ్మలు వస్తాయి. అది పువ్వు అవుతుంది గాని మంచు కాదు. కత్తెర పట్టేటప్పుడు చిన్నపిల్లల పక్కన పెద్దలు కూర్చోవాలి.

ఆ కాగితాన్ని నీలం జేబురుమాలుమీద పెట్టి, చుట్టూ సుద్దముక్కతో గీయండి. ఆ గీతమీద తెల్లదారంతో కాడకుట్టు గాని గొలుసుకుట్టు గాని కుట్టండి. ఎలా కుట్టాలో అమ్మమ్మనో, నాయనమ్మనో అడగండి. వారు సంతోషంగా నేర్పుతారు. అమెరికాలోనో, కెనడాలోనో మీ మేనమామ పిల్లలు వుంటే, నల్లగుడ్డను చల్లబరచి మంచురేకును పట్టమని ఉత్తరం రాయండి. వారు చూసిన రేకు బొమ్మ మీకు గీసి పంపితే, అది మీ రుమాలుమీదికి వస్తుంది!

మొదటిసారి కుట్టినప్పుడు దారం ముడిపడుతుంది. ఒక కొమ్మ పొట్టి, ఒక కొమ్మ పొడుగు అవుతుంది. చేతి మసి కూడా కొంచెం అంటుకోవచ్చు. అప్పుడు ఎచిగో పిల్లను తలచుకోండి. పాపం, ఆమె పక్కన కూర్చుని, "మరకదేముందమ్మా, నేత ఎంత బాగుందో చూడు!" అని చెప్పినవారు లేకపోయారు. మీ చెల్లెలు కుట్టిన రుమాలుమీద మరక కనిపిస్తే ఆ మాట మీరు చెప్పండి.

రేపు పొద్దున పొగమంచు పడితే దుప్పటి ముసుగులోనుంచి బయటికి వచ్చి, కంచెమీది సాలెగూడు చూడండి. రాత్రి దారాలమీద మంచు ముత్యాలు గుచ్చి వుంటుంది. పొద్దెక్కితే అది వుండదు. పలకా బలపం వెంట తీసుకుపోవటం మరచిపోకండి!